పొట్ట తడుపుకునే పిట్ట

మొగపాళెంలో పిట్టలు రెండే రకాలు. కూరకు పనికొచ్చేవి, పనికిరానివి. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ఎవరికీ అంతకు మించి తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు, ఒక్క ఆదెయ్య కూతురు కామాక్షికి తప్ప.

కామాక్షికి పదేళ్లు. వాకాడుకు తూర్పున, స్వర్ణముఖి సముద్రంలో కలిసే మొగ పక్కన, ఇసక మీద నలభై పూరిళ్ల పల్లె వాళ్లది. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని వాకాడు దాకా నడిచిపోయి అమ్ముకొస్తారు. తల్లి అట్లా పొద్దున పోయి మధ్యాహ్నం దాటాక వచ్చేది కాబట్టి పిల్లను చూసుకునే పని నాయనమ్మ పోలేరమ్మది. చూసుకోవడమంటే వెతుక్కోవడమే. నీళ్లకని పంపితే బిందె ఒక్కటే దొరువు గట్టు మీద ఎండలో కూర్చుని ఉండేది. పిల్ల ఏ ఇసకదిబ్బ వెనకో బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, పిట్టల్ని చూస్తూ ఉండేది.

ఊరంతా ఉల్లంకులని ఒకే పేరు పెట్టి పిలిచే ఒడ్డుపిట్టల్లో ఏడు రకాలున్నాయని ఆ పిల్ల కనిపెట్టింది. ఒకదానికి ముక్కు కిందికి వంగి ఉంటుంది, ఇంకోదానికి పైకి. ఒకటి ఊరికే నిలబడి కూడా తోక ఊపుతూనే ఉంటుంది. ఒకటి అల వెనక్కి పోతుంటే దాని వెంటబడి పరిగెత్తి, అల తిరిగి వస్తుంటే దానికి దొరక్కుండా గట్టుకు పరిగెత్తుతుంది. పేర్లు అడిగితే చెప్పేవాళ్లు లేరు గనక తనే పెట్టుకుంది. వాచకం అట్టల లోపలివైపు ఖాళీ ఉన్నచోటల్లా పెన్సిలుతో వాటి బొమ్మలు గీసింది.

ఆ వాచకం చూసి కోప్పడని మనిషి బడి పంతులు సంజీవరావు. ఆయనది కొడవలూరు పక్క, మాగాణి రైతుల ఇల్లు. వరి గురించి ఏమడిగినా చెప్పేవాడు. సముద్రం గురించి ఆయనకేమీ తెలియదు, తెలియదని చెప్పడానికి సిగ్గుపడేవాడు కాదు. కామాక్షికి ఆయన మీద గురి కుదిరింది అందుకే.

అయినా పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం ఏప్రిల్లో ఒకరోజు ఆయన కూడా ఆ పిల్ల మాట నమ్మలేదు. మొగ దగ్గర ఇసకతిన్నె మీద తను పరుగుపిట్ట అని పేరు పెట్టుకున్న పిట్ట ఒకటి రెక్క విరిగి ఉందని, పట్టుకోబోతే కొంతదూరం ఈడ్చుకుంటూ పోయి చక్కగా ఎగిరిపోతుందని, మళ్లీ అక్కడికి పోతే దానికి మళ్లీ రెక్క విరుగుతుందని కామాక్షి చెప్పింది. విరిగిన రెక్క అంతలో అతుక్కోదు, అబద్ధాలు అలవాటు చేసుకోవద్దు అన్నాడాయన. కామాక్షి ఏడవలేదు. శనివారం ఒంటిపూట బడి వదలగానే ఆయన ముందుకొచ్చి నిలబడి, వచ్చి చూడండి అయ్యోరా అంది.

సంజీవరావు చెప్పులు చేతబట్టుకుని వెంట నడిచాడు. ఇసకతిన్నె మీద ఆల్చిప్పలు, గులకలు, ఎండిన నాచు తప్ప ఏమీ లేదు. ఇంకో నాలుగడుగులు వేశారో లేదో, పిడికిలంత బూడిదరంగు పిట్ట ఒకటి ఎక్కడినుంచో ఆయన కాళ్ల ముందుకొచ్చి పడింది. ఒక రెక్క నేలకు వాల్చి, తోక పరిచి, సన్నగా అరుస్తూ కొట్టుకుంటోంది. ఆయన మెత్తటి మనిషి. అయ్యో అనుకుంటూ వంగి చెయ్యి చాచాడు. అది బారెడు దూరం ఈడ్చుకుపోయింది. ఈయన పంచె ఎగ్గట్టి ఇంకో రెండంగలు వేశాడు. అది ఇంకో రెండు బారలు పోయింది. అట్లా ఆయన్ని వంగిన నడుముతోనే నూరు గజాలు నడిపించి, చెమటలు పట్టించి, ఆఖరికి రెక్కలు రెండూ బాగా విప్పుకుని, కీచుమంటూ ఆయన నెత్తి మీదుగా ఎగిరి వెనక్కి పోయింది.

సంజీవరావు ఇసకలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. కామాక్షి ఆయన నవ్వు ఆగేదాకా ఆగి, ఆ పిట్ట ఎందుకట్లా చేస్తుందో చెప్పింది. వెనక్కి తీసుకుపోయి చూపించింది కూడా. ఇసకలో చిన్న గుంట, గుంటలో మూడు గుడ్లు. ఇసకరంగు మీద నల్లటి గీతలు. చూపు అటుతిప్పి మళ్లీ తిప్పితే కనిపించవు. పుల్లలు, గడ్డి, గూడు అనేది ఏదీ లేదు. ఇట్లాంటివే ఇంకా అయిదు చోట్ల ఉన్నాయని చెప్పింది. సోమవారం బడిలో ఆయన పిల్లలందరి ఎదుట, కామాక్షి చెప్పింది నిజమని, తను చెప్పిందే తప్పని అన్నాడు. కొత్త నోటుపుస్తకం ఒకటిచ్చి, చూసింది చూసినట్టు, చూసిన రోజుతో సహా రాయమన్నాడు.

రాయడం మొదలుపెట్టాక ఆ పిల్లకు చూడవలసినవి ఇంకా ఎక్కువయ్యాయి. ముఖ్యంగా ఒక సంగతి బుర్ర తినేయసాగింది. పొద్దున పూట పిట్ట గుడ్ల మీద కదలకుండా కూర్చుంటుంది. ఎండ నడినెత్తికొచ్చేసరికి మాటిమాటికీ లేచి ఎటో పోతుంది. పోయినంత తొందరగానే తిరిగొస్తుంది. తిండికా అంటే అంతలో ఏం తింటుంది?

తెలుసుకోవాలంటే మధ్యాహ్నం అక్కడే ఉండాలి. చిరుగుల చేపల గంప ఒకటి సంపాదించి, దాన్ని బోర్లించుకుని కింద దూరింది. సందుల్లోంచి చూస్తే అంతా కనిపిస్తుంది, పిట్టకు మాత్రం గంప తప్ప ఏమీ కనపడదు. మూడు రోజులు అట్లా కూర్చుంది. పోలేరమ్మ దిబ్బలన్నీ గాలించి, ఆ గంప పక్కనుంచే రెండుసార్లు తిట్టుకుంటూ పోయింది. మూడోరోజు గంపకు తుమ్మొచ్చింది. అవ్వ గంపెత్తి, చెవి పట్టుకుని, ఎండకు నల్లగా మాడిపోయిన నిన్ను ఎవడు చేసుకుంటాడని దారి పొడుగునా అడుగుతూ ఇంటికి లాక్కొచ్చింది. కామాక్షికి ఆ మాటలేవీ చెవిన పడలేదు. తను వెతికింది దొరికింది.

పిట్ట పోయేది మొగలో నీళ్ల దగ్గరికి. నీళ్లలో దిగి, పొట్ట ఈకలు బాగా తడిసేదాకా అటూ ఇటూ ఊగి, ఒళ్లు దులుపుకోకుండా పరిగెత్తుకొస్తుంది. ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంటుంది. కాసేపటికి ఆరిపోతే జంటపిట్ట వచ్చి కూర్చుంటుంది, ఇది మళ్లీ నీళ్లకు పోతుంది. కోడి గుడ్లకు వేడి పెడుతుంది. ఈ పిట్ట చల్లదనం పెడుతోంది.

సంజీవరావు ఈసారి నమ్మననలేదు. కానీ తనకు తెలిసినవాళ్లెవరూ ఇట్లాంటిది చెప్పగా వినలేదు. ట్రెయినింగు స్కూల్లో తనతో చదివిన స్నేహితుడి అక్క ఎలిశబెతు గారు నెల్లూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు. నోటుపుస్తకంలో ఉన్నదంతా కాపీ చేసి ఆమెకు పోస్టులో పంపాడు.

జవాబు రాకముందే ముంచుకొచ్చింది కొత్త వల.

చలికాలమంతా ఊరు ఊరంతా కూర్చుని నూలు వడికి అల్లిన పెద్దవల అది. రెండు కొసలకూ మోకులు కట్టి నలభైమంది ఒడ్డున నిలబడి లాగే వల. నూలు వల గనక తుమ్మచెక్క కాచిన నీళ్లలో నానబెట్టి, మొత్తం ఒకేసారి పరిచి మూడు రోజులు ఆరబెట్టకపోతే కుళ్లిపోతుంది. అంత వలకు చాలేంత చదును జాగా మొగ దగ్గరి ఇసకతిన్నె ఒక్కటే. ఇంటికొచ్చి ఆదెయ్య ఆ మాట చెప్పినప్పుడు కామాక్షి అన్నం ముందునుంచి లేచిపోయింది. కూతురి పిట్టల పిచ్చి ఆదెయ్యకు తెలుసు. అయితే ఊరి వలకూ పిల్ల పిట్టలకూ మధ్య తనేం మాట్లాడగలడు? గంగులయ్యతో చెప్పే ధైర్యం అతనికి లేదు.

గంగులయ్య ఊరి పెద్దకాపు. అరవై దాటినా చూపు తగ్గలేదు. వేటకు ముందు ఒడ్డున నిలబడి, కళ్లు చికిలించి నీళ్ల రంగు చూసి, ఫలానా చోట కవళ్ల చేపల గుంపు ఉందంటే అక్కడ ఉండి తీరేది. చుట్టుపక్కల పాళేలవాళ్లు కూడా ఆ చూపు గురించి చెప్పుకునేవాళ్లు. ఆయనకు అదే గర్వం.

మర్నాడు పొద్దున ఎర్రటి నీళ్లు కారుతున్న వలను భుజాల మీద వేసుకుని నలభైమంది బారుగా ఇసకతిన్నె మీదికొచ్చారు. ముందు గంగులయ్య. ఆయనకు అడ్డంగా కామాక్షి నిలబడి ఉంది. రాత్రి ఏమేం చెప్పాలో అంతా అనుకుంది. ఆయన్ని చూసేసరికి ఒక్కటీ గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆయన కాలు పడబోయే చోటు.

"తాతా, ఆడ అడుగు పెట్టబాక."

గంగులయ్య ఆగాడు. "ఏందిమే?"

"గుడ్లుండాయి. నీ కాలికి జానెడు దూరంలో."

ఆయన కిందికి చూశాడు. ఇసక, ఆల్చిప్పలు. వెనక బరువు మోస్తున్నవాళ్లు ఏమైందని అడిగారు. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. ఇంకోసారి చూశాడు. మోకాళ్ల మీద వంగి చూశాడు. ఏమీ లేదు. ఎక్కడ అని అడగబోయి నోరు మూసుకున్నాడు. కామాక్షి చూపించబోతూ వేలెత్తింది.

"చెప్పబాక," అన్నాడు గంగులయ్య. "నేనే చూస్తా."

గొంతుక్కూర్చున్నాడు. కళ్లు చికిలించాడు. వెనక నలభైమంది భుజాల మీద తడివల నీళ్లు కారుతూ ఉంది. ఒకరిద్దరు సణిగారు. ఆయనకు అదేదీ వినపడటం లేదు. ఎంతసేపటికో ఆయన ముఖం నెమ్మదిగా విప్పారింది. ఒకటి కనిపించిందన్నాడు. మూడున్నాయని కామాక్షి చెప్పింది. మళ్లీ వంగాడు. రెండోది చూశాడు. మూడోదాని దగ్గరికొచ్చేసరికి తనలో తను నవ్వుకుంటున్నాడు.

లేచి నిలబడి, ఇవి ఎన్నాళ్లకు పగులుతాయని అడిగాడు. తను చూసి పదమూడు రోజులైందని, అంతకుముందు పెట్టి ఎన్నాళ్లైందో తెలియదని, కాబట్టి చెప్పలేనని కామాక్షి అంది. వీటివల్ల మనకేం లాభమని ఆయన అడుగుతాడేమో, దానికేం చెప్పాలా అని ఆ పిల్ల ఆలోచిస్తూ ఉంది. గంగులయ్య అది అడగలేదు.

"అరవయ్యేళ్లుగా ఈ ఇసక తొక్కతా ఉండాను," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. "ఎన్ని తొక్కినానో."

తర్వాత వెనక్కి తిరిగి, వలను సరుగుడు తోపు అవతలికి మోయమన్నాడు. తోపు అవతలంటే అరమైలు. అక్కడ నేలంతా పల్లేరుకాయలు, ముందు అవన్నీ ఏరాలి. బారులో గొణుగుడు లేచింది. ఆదెయ్య తల వంచుకుని ఉన్నాడు. అతను వల కొసను భుజం మార్చుకుని, అందరికంటే ముందు తోపు వైపు తిరిగి నడక మొదలుపెట్టాడు. మిగతావాళ్లకు నడవక తప్పలేదు.

ఆ రోజు నుంచి కామాక్షికి కొత్త తలనొప్పి గంగులయ్యే. పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరిని వెంటబెట్టుకొచ్చి, యాడుండాయో చూసి చెప్పరా అని పందెం వేసేవాడు. చూడలేక వాళ్లు తెల్లముఖం వేస్తే ఆయనకు ఎక్కడలేని ఆనందం. జనం రాకపోకలకు గుడ్లు చితికిపోతాయేమోనని భయపడి, కామాక్షి ఒక విరిగిన తెడ్డు తెచ్చి నాటి, దాన్ని దాటి ఎవరూ రాకూడదని షరతు పెట్టింది. పెద్దకాపు కూడా తెడ్డు దగ్గరే ఆగేవాడు. కుక్కలొస్తే ముందు పరిగెత్తేది ఆయనే. అయినా ఆరు గూళ్లలో ఒకదాన్ని కాకులు తినేశాయి. పౌర్ణమి పోటుకు ఇంకో రెండు నీళ్లలో కొట్టుకుపోయాయి. కామాక్షి ఆ మూడింటి కథా నోటుపుస్తకంలో రాసుకుంది. రాసేటప్పుడు ముక్కు తుడుచుకుంది కానీ, రాయడం మానలేదు.

ఒక ఆదివారం ఎలిశబెతు గారు వచ్చారు. వాకాడు దాకా బస్సులో వచ్చి, అక్కడినుంచి సంజీవరావుతో నడిచి వచ్చారు. నలభై ఏళ్లుంటాయి. తెల్లచీర, కళ్లద్దాలు, మెడలో దుర్భిణి. పోలేరమ్మ చాప పరిచి మజ్జిగిచ్చి, మా పిల్ల మీకు ఏం తప్పు చేసింది తల్లీ అని అడిగింది. ఏ తప్పూ చెయ్యలేదని, తను తెలుసుకోవడానికి వచ్చానని ఆమె చెబితే అవ్వకు అర్థం కాలేదు.

ఎలిశబెతు గారు కామాక్షిని పొగడలేదు, ముద్దు చెయ్యలేదు. కాలేజీ పిల్లల్ని అడిగినట్టే ప్రశ్నలడిగారు. ఎన్నిసార్లు తడుపుకుంది? ఎండెక్కినప్పటినుంచి ఒడ్డుకు లాగిన పడవ నీడ తిన్నెను అందుకునేదాకా ఇరవైమూడుసార్లని కామాక్షి పుస్తకం చూసి చెప్పింది. అది స్నానం చేసుకుంటోందేమో, గుడ్ల కోసమేనని ఎట్లా చెప్పగలవని ఆమె అడిగారు. స్నానం చేస్తే నెత్తీ రెక్కలూ కూడా తడపాలి, దులుపుకోవాలి, ఇది రెండూ చెయ్యదని కామాక్షి అంది. పిట్ట లేచిపోయినప్పుడు గుడ్లను వేలితో ముట్టుకుంటే తడిగా, చల్లగా ఉన్నాయని కూడా చెప్పింది.

"మబ్బు పట్టిన రోజు చూశావా?" అన్నారు ఎలిశబెతు గారు.

"చూసినానమ్మా. ఆ రోజు రెండు తూర్లే పోయింది."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం గొడుగు వేసుకుని, తెడ్డు అవతల ఇసకలో మూడు గంటలు కూర్చున్నారు. కామాక్షి పక్కనే కూర్చుంది. దుర్భిణి మొదటిసారి కళ్ల దగ్గర పెట్టుకున్నప్పుడు ఆ పిల్ల ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. పిట్ట పొట్ట కింద వేలాడే నీటిబొట్టు కూడా కనిపించింది. ఆ బొట్టు గుడ్డు మీద పడింది.

సాయంత్రం ఎలిశబెతు గారు చీరకంటిన ఇసక దులుపుకుంటూ చెప్పారు. "పిట్టలు ఇట్లా చేస్తాయని ఎక్కడో ఒకే ఒక్క వాక్యం చదివానమ్మా. పదకొండేళ్లుగా పాఠం చెబుతున్నాను. కళ్లతో చూడటం ఇవాళే."

కామాక్షి ఆ పిట్ట అసలు పేరేమిటని అడిగింది. కెంటిష్ ప్లవర్ అని ఆమె చెప్పారు. కెంట్ అనేది ఇంగ్లండులో ఒక ప్రాంతమని కూడా చెప్పారు.

"ఇది ఈడ పుడతా ఉంటే ఆ ఊరి పేరు ఎందుకమ్మా?"

ఎలిశబెతు గారు పెన్ను తీశారు. నవ్వి, తన పుస్తకంలో ఆ ఇంగ్లీషు పేరు పక్కన పరుగుపిట్ట అని రాసుకున్నారు. వెళ్లేముందు ఆదెయ్యతో చాలాసేపు మాట్లాడారు. ఈ పిల్ల చదువు అయిదుతో ఆపొద్దన్నారు. 

మే నెల మొదటి వారంలో గుడ్లు పగిలాయి. అప్పుడు ఊరు కొత్తవలతో మొదటి వేటలో ఉంది. గంగులయ్య నీళ్లు చూసి చెప్పిన చోటే వల వేశారు. రెండు మోకుల దగ్గరా జనం బారులు తీరి లాగుతున్నారు. వల నిండుగా ఉన్నట్టు బరువే చెబుతోంది. అంతలో తిన్నె మీదినుంచి కామాక్షి పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్లకు ముందు, పుట్టి ఒక్కపూట కూడా కాని మూడు కూనలు, పొడుగు కాళ్ల మీద దూదిపింజల్లా దొర్లుకుంటూ, సరిగ్గా మోకు కిందికే వస్తున్నాయి.

గంగులయ్య చెయ్యెత్తాడు. "పట్టుకోని ఆగండి."

ఆగారు. అల వెనక్కి లాగుతుంటే మడమలు ఇసకలో దిగేసుకుని, నలభైమంది వెనక్కి వాలి మోకు బిగబట్టారు. తల్లిపిట్ట వాళ్ల ముందుకొచ్చి రెక్క విరుచుకుని పడింది. ఎవరూ దాని వెంటపడలేదు. ఒక కూన మోకు కిందుగా పోయింది. రెండోది పోయింది. మూడోది ఆదెయ్య పాదం దగ్గర ఆగిపోయి నేలకు అతుక్కుని కూర్చుంది. అతను ఊపిరి కూడా బిగబట్టాడు. నుదుటి చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. కూన లేచింది, అతని కాలివేళ్లను చుట్టి వచ్చి, తోబుట్టువుల వెంట మొగ వైపు పరుగెత్తింది. వల అంచున కొన్ని చేపలు ఎగిరి బయటపడ్డాయి. లాగండి అని గంగులయ్య అన్నాక గానీ మోకు కదల్లేదు. ఆ సాయంత్రం చేపలు పంచుకునేటప్పుడు, జారిపోయిన వాటి మాట ఎవరూ ఎత్తలేదు. అందరి నోటా మూడో కూన మాటే.

మిగతా రెండు గూళ్లలోనూ పిల్లలు లేచాయి. జూన్లో బడులు తెరిచినప్పుడు, ఆదెయ్య కూతుర్ని వాకాడు హైస్కూల్లో ఆరో తరగతిలో చేర్చాడు. ఎందుకు చేర్చావని ఎవరైనా అడిగితే, తల్లి రోజూ గంపతో ఎట్లాగూ పోతా ఉండాది గదా, తోడుంటుంది అనేవాడు. పోలేరమ్మ మాత్రం, గొడుగు కొనిస్తేనే పంపుతానని పట్టుబట్టి కొనిపించింది.

ఎలిశబెతు గారికి కూనల సంగతి రాయాలని సంజీవరావు కామాక్షికి ఒక కార్డు ఇచ్చాడు. పిల్ల చిన్న అక్షరాలతో మొదలుపెట్టింది. ఎన్ని పిల్లలు లేచాయో, ఏ రోజు లేచాయో నాలుగు వరుసల్లో అయిపోయింది. ఆ తర్వాత ఇసకలో కన్నం చేసుకునే చిన్నపీతల గురించి ఎత్తుకుంది. పాటు వేళ సముద్రం వెనక్కి పోగానే అవి బయటికొచ్చి, ఇసకను చిన్నచిన్న ఉండలు చేసి కన్నం చుట్టూ పేర్చిపెడతాయి. ఆ ఉండలను తింటాయా, పారేస్తాయా, లెక్క కోసం పెట్టుకుంటాయా? నాలుగు రోజులుగా చూస్తున్నాననీ, ఒక్క ఉండ చెయ్యడానికి ఎంతసేపు పడుతుందో కూడా పట్టిచూశాననీ రాసింది. కార్డు నిండిపోయింది. అంచుల వెంట రాసింది. అంచులూ నిండాక అడ్రసు పక్కన రాయబోతే సంజీవరావు కార్డు లాక్కున్నాడు. ఇంకో కార్డు తెస్తానని చెప్పి లోపలికి పోయి వచ్చేసరికి బడి వరండాలో పుస్తకాల సంచి, గొడుగు మాత్రమే ఉన్నాయి. పాటు మొదలైంది.